నహాలో తిరగడం ఎలా? ఒకినావా వెళ్లేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నహా ఒకినావా ప్రిఫెక్చర్‌కు రాజధాని. జపాన్ ప్రధాన భూభాగానికి నైరుతిగా, తైవాన్ వైపు సాగే దీవుల వరసలో ఉంటుంది. ఒకప్పటి ర్యూక్యూ రాజ్యానికి రాజధానిగా వెలిగిన షురి కూడా ఇప్పుడు ఈ ఊళ్లోనే ఒక పేట. టోక్యోలో రైళ్లకు అలవాటుపడి వచ్చినవాళ్లకు ఇక్కడ అంతా కొత్తగా ఉంటుంది. అక్కడి పద్ధతులు ఇక్కడ సగమే పనిచేస్తాయి. మనవాళ్లు చాలామంది దిగగానే కారు అద్దెకు తీసుకుని, ఊళ్లో పార్కింగ్ కోసం వెతుకుతూ సగం సెలవు పోగొట్టుకుంటున్నారు. ఈ ప్రశ్నలూ జవాబులూ రాయడానికి అసలు కారణం అదే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మోనోరైలు, కాలినడక. ఊరు దాటే రోజుకు మాత్రం కారు లేదా బస్సు. చిన్న దీవులకు పడవ. ఈ లెక్కతో వెళితే నహా చాలా సులువైన ఊరు.

అసలు నహాకు చేరుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచి గానీ విజయవాడ, విశాఖల నుంచి గానీ నేరుగా విమానం లేదు. టోక్యో హనేదా నుంచి రెండున్నర, మూడు గంటల ప్రయాణం. తైపే, హాంకాంగ్, సియోల్ నుంచి కూడా విమానాలున్నాయి. టోక్యోలోనే ఉంటున్న మన కుటుంబాలు ఎక్కువగా మే మొదట్లో వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల్లో బయల్దేరతాయి. అప్పుడు టికెట్ ధరలు ఆకాశంలో ఉంటాయి, వానాకాలం కూడా ఆ వెనకే మొదలవుతుంది. వీలైతే మార్చి చివర్లోనో, నవంబరులోనో పెట్టుకోండి.

భారతీయ పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. 2024 ఏప్రిల్ నుంచి పర్యాటకులకు ఈ-వీసా ఇస్తున్నారు. దాన్ని జపాన్‌లో దిగిన విమానాశ్రయంలో ఫోన్‌లో ఆన్‌లైన్‌గా తెరిచి చూపించాలి. స్క్రీన్‌షాట్, ప్రింటు చెల్లవు. కాబట్టి దిగేసరికి ఫోన్‌లో ఇంటర్నెట్ పనిచేసేలా చూసుకోండి.

జేఆర్ పాస్ ఒకినావాలో పనిచేస్తుందా?

పనిచేయదు. జేఆర్ అంటే జపాన్ రైల్వేస్, ఆ రైళ్లలో పర్యాటకులు నిర్ణీత రోజులు తిరిగేందుకు ఇచ్చేదే జేఆర్ పాస్. ఇక్కడ జేఆర్ రైలు ఒక్కటీ లేదు. టోక్యో, క్యోటో, హిరోషిమా చూసి చివర్లో నహా పెట్టుకునేవాళ్లు పాస్ గడువు లెక్కవేసేటప్పుడు ఒకినావా రోజుల్ని పక్కన పెట్టేయాలి.

ఇక్కడ రైలు ఎందుకు లేదన్నది తెలుసుకుంటే ఊరు కూడా అర్థమవుతుంది. 1914లో నహా నుంచి యొనబారుకు చిన్న గేజి రైలు మొదలైంది. తర్వాత మరికొన్ని మార్గాలు వేశారు. 1945లో జరిగిన ఒకినావా యుద్ధంలో అదంతా నాశనమైంది. యుద్ధం తర్వాత 1972 మే 15 దాకా ఈ దీవులు అమెరికా పాలనలోనే ఉన్నాయి. ఆ 27 ఏళ్లలో వాళ్లు రోడ్లు వేశారు, రైలు జోలికి పోలేదు. ఇప్పుడు నహా మధ్యగా పోయే 58వ నంబరు జాతీయ రహదారి అప్పట్లో సైనిక రహదారి. అలా ఊరంతా కార్ల మీదే పెరిగింది. మళ్లీ పట్టాల మీద బండి కనిపించింది 2003 ఆగస్టు 10న, అదీ మోనోరైలు రూపంలో. పాత నహా స్టేషన్‌లో ఇంజన్లను తిప్పే గుండ్రటి వేదిక బస్ టెర్మినల్ పునర్నిర్మాణంలో తవ్వకాల్లో బయటపడింది. అసాహిబషి స్టేషన్ దగ్గర దాన్ని భద్రంగా పెట్టారు. అటుగా వెళితే ఒక్క నిమిషం ఆగి చూడండి. ఈ ఊరు పోగొట్టుకున్న వాటిలో కళ్లకు కనిపించేంత మిగిలినవి చాలా తక్కువ.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఏది మేలు?

మోనోరైలు. పేరు యుయ్ రైల్. స్వదేశీ టెర్మినల్ రెండో అంతస్తు నుంచి వంతెన మీదుగా స్టేషన్‌లోకి నడిచిపోవచ్చు. ప్రిఫెక్చర్ ఆఫీసు ఎదుటి స్టేషన్ కెంచో-మాయె 12, 13 నిమిషాల దూరం, మకిషి పావుగంట పైచిలుకు. టికెట్ 300 యెన్‌ల అటూఇటూ. బళ్లు సుమారు ఉదయం 6 నుంచి రాత్రి పదకొండున్నర దాకా, పగటిపూట పది నిమిషాలకు ఒకటి చొప్పున నడుస్తాయి.

ఆ విమానాశ్రయం స్టేషన్ జపాన్ మొత్తంలో అన్నిటికన్నా పడమటి రైల్వే స్టేషన్. దాని తర్వాతి అకామినె అన్నిటికన్నా దక్షిణపుది. పిల్లలకు ముందే చెబితే ఆ రెండు చోట్లా ఫొటో కోసం కిటికీకి అతుక్కుపోతారు.

పెద్ద సూట్‌కేసులు నాలుగైదు ఉంటే మాత్రం టాక్సీ ఎక్కండి. బోగీలు రెండే ఉన్న బళ్లు ఇంకా నడుస్తున్నాయి. 2023 నుంచి మూడు బోగీల బళ్లు కూడా వచ్చాయి గానీ, ఆఫీసు వేళల్లో అవీ కిక్కిరిసే ఉంటాయి.

మోనోరైలు టికెట్ ఎలా కొనాలి? సుయికా కార్డు చెల్లుతుందా?

చెల్లుతుంది. 2020 మార్చి నుంచి సుయికా, పాస్మో, ఇకోకా లాంటి, ముందే డబ్బు వేసుకుని గేటుకు ఆనించే దేశవ్యాప్త కార్డులన్నీ యుయ్ రైల్‌లో పనిచేస్తున్నాయి. ఫోన్‌లో సుయికా ఉంటే గేటు దగ్గర ఆనిస్తే చాలు. కార్డు లేకపోతే మెషిన్‌లో కాగితం టికెట్ వస్తుంది. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. టికెట్ లోపలికి దూర్చడానికి గేటులో సందు కోసం వెతక్కండి. కోడ్ ఉన్న వైపు గాజు పలక మీద చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. దిగేటప్పుడు మళ్లీ చూపించాలి కాబట్టి టికెట్ పారేయకండి.

ఒకరోజు పాస్ కొనదలిస్తే ఒక మంచి సంగతి ఉంది. అది అర్ధరాత్రితో ముగిసిపోదు. పూర్తిగా 24 గంటలు చెల్లుతుంది. మధ్యాహ్నం 3 గంటలకు విమానం దిగి పాస్ తీసుకుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా తిరగొచ్చు. రెండు రోజుల పాస్ కూడా ఇదే పద్ధతి. షురి కోట ప్రవేశ టికెట్‌లో ఈ పాస్‌కు తగ్గింపు ఉంటుంది, కౌంటర్‌లో చూపించండి.

స్థానిక కార్డు పేరు ఒకికా. దానికున్న లాభం సిటీ బస్సుల్లో కూడా పనిచేయడం. కానీ ఒకినావా దాటితే అది ఎక్కడా చెల్లదు. బస్సులు ఎక్కువగా ఎక్కే ఆలోచన ఉంటేనే తీసుకోండి.

ఏ స్టేషన్ దగ్గర బస చేస్తే తిరగడం సులువు?

లైన్ పొడవు 17 కిలోమీటర్లు, స్టేషన్లు 19. హోటల్ స్టేషన్‌కు నడక దూరంలో ఉంటే సగం ప్రయాణ సమస్యలు తీరినట్టే. కాబట్టి ఈ ప్రశ్న మీద కాస్త సమయం పెట్టడం మంచిది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా మియెబషి. నహా ప్రధాన బజారు వీధి కొకుసాయ్ దోరికి నడిచి వెళ్లొచ్చు, కెరామా దీవుల పడవలు బయల్దేరే తొమారి రేవు కూడా పది నిమిషాల నడక. పొద్దున్నే పడవ అందుకోవాల్సినవాళ్లకు ఇంతకన్నా అనువైన చోటు లేదు. దీవి ఉత్తరానికి బస్సుల్లో వెళ్లే ఆలోచన ఉంటే అసాహిబషి. నహా బస్ టెర్మినల్ దానికి ఆనుకునే ఉంది. సాయంత్రాలు బజారులో గడపాలనుకుంటే మకిషి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు ఒమొరొమాచి నచ్చుతుంది. వీధులు విశాలంగా ఉంటాయి, పెద్ద సూపర్ మార్కెట్లు చేతికందే దూరంలో ఉంటాయి, రాత్రి గోల తక్కువ.

కారు తీసుకోకపోతే సముద్రపు ఒడ్డు రిసార్టులో దిగి రోజూ నహాకు వచ్చిపోదామని అనుకోకండి. రాకపోకలకే రోజు అయిపోతుంది.

సిటీ బస్సు ఎక్కడం ఎలా? డబ్బు ముందు ఇవ్వాలా, వెనక ఇవ్వాలా?

రెండూ ఉన్నాయి. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఊళ్లో మాత్రమే తిరిగే బస్సుల్లో ఎక్కడికైనా ఒకటే చార్జీ. ముందు తలుపు నుంచి ఎక్కుతూనే డ్రైవర్ పక్కనున్న పెట్టెలో డబ్బు వేసేయాలి. మధ్య తలుపు నుంచి దిగాలి.

ఊరు దాటి వెళ్లే బస్సుల్లో చార్జీ దూరాన్ని బట్టి ఉంటుంది. ఎక్కగానే తలుపు దగ్గరున్న చిన్న యంత్రం నుంచి ఒక చీటీ బయటికి వచ్చి ఉంటుంది, దాన్ని లాక్కోండి. చీటీ మీద ఒక అంకె. డ్రైవర్ తల పైన పెద్ద తెర, అందులో అంకెల గళ్లు. బస్సు ముందుకు పోతున్నకొద్దీ ఒక్కో గడిలో మొత్తం పెరుగుతూ ఉంటుంది. మీ చీటీ మీద 7 ఉంటే, దిగే ముందు 7వ గడిలో ఎంత చూపిస్తోందో అంత ఇవ్వాలి. చీటీ, చిల్లర కలిపి పెట్టెలో వేసి దిగిపోవడమే. చీటీ తీసుకోవడం మరిచిపోతే బస్సు బయల్దేరిన చోటి నుంచి చార్జీ కట్టమనే ప్రమాదం ఉంది.

చిల్లర విషయం మరీ ముఖ్యం. ఆ పెట్టె మిగతా డబ్బు తిరిగివ్వదు. దాని పక్కనే చిల్లర ఇచ్చే సందు ఉంటుంది. అందులో 1000 యెన్ నోటు పెడితే నాణేలు రాలతాయి, వాటిలోంచి లెక్కపెట్టి ఇవ్వాలి. 5000, 10,000 నోట్లు తీసుకోదు. చిల్లర మార్చుకోవడం బస్సు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడో, ముందు స్టాపులోనో చేసుకుంటే మీ వెనకాల నిలబడ్డవాళ్లు ఎదురుచూడాల్సిన పని ఉండదు. సుయికా ఉంది కదా అని ధీమాగా ఎక్కకండి. చాలా బస్సుల్లో అది చెల్లదు.

బస్సులు సమయానికి వస్తాయా?

టోక్యో లెక్కలో చూస్తే రావు. తప్పు డ్రైవర్లది కాదు, నహా ట్రాఫిక్‌ది. బస్సులు కూడా అదే రోడ్డు మీద, అదే జామ్‌లో రావాలి. ర్యూక్యూ బస్ కోత్సూ, నహా బస్, ఒకినావా బస్, తోయో బస్ అని నాలుగు కంపెనీలు నడుపుతున్నాయి. అన్నిటి వివరాలూ ఒకేచోట చూడాలంటే బస్ నావి ఒకినావా సైటు ఉంది. బస్సు ఇప్పుడు ఎక్కడుందో కూడా చూపిస్తుంది. స్టాపు పేరు ఒకటే అయినా రోడ్డుకు ఏ వైపు నిలబడాలో ముందే చూసుకోండి. పెద్ద కూడళ్లలో ఒకే పేరుతో నాలుగైదు స్టాపులుంటాయి.

కారు అద్దెకు తీసుకోవాలా, వద్దా?

నహాలో ఉండే రోజులకు వద్దు. ఉత్తరాన నాగో, మొతొబు, ఇంకా పైన యన్‌బారు అడవుల వైపు వెళ్లే రోజులకు తీసుకోండి.

ఒకినావా ప్రధాన దీవి పొడవు వంద కిలోమీటర్లకు పైమాటే. నహా దాటితే మోనోరైలు ఉరసొయె దగ్గర ఆగిపోతుంది. ఆపైన కారు ఉన్నవాడిదే రాజ్యం. చిన్న బీచ్‌లు, కోటల శిథిలాలు, పల్లెల్లోని కుండల బట్టీలు బస్సుల్లో ఒకే రోజు చుట్టిరావడం జరిగే పని కాదు. కానీ అదే కారు నహాలో గుదిబండ. హోటళ్లలో పార్కింగ్‌కు విడిగా డబ్బు కట్టాలి, చాలాచోట్ల ముందు వచ్చినవాళ్లకే చోటు. పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం రోడ్లు నిలువునా నిండిపోతాయి.

వేసవిలోనూ, సెలవుల్లోనూ అద్దె కార్లు దొరకవు. ముందే బుక్ చేసుకోవాలి. ఇంకో సంగతి, చాలా కంపెనీల ఆఫీసులు విమానాశ్రయం లోపల ఉండవు. షటిల్ వ్యానులో పావుగంటో ఇరవై నిమిషాలో వెళ్లి, అక్కడ వరసలో నిలబడి తీసుకోవాలి. దిగిన గంటలోనే రోడ్డెక్కుతామని లెక్కలేసుకోకండి. ఊళ్లో చూడాల్సినవి ముందు చూసుకుని, బయల్దేరే రోజు ఉదయం మోనోరైలు స్టేషన్ దగ్గరున్న బ్రాంచిలో కారు తీసుకుంటే అద్దె, పార్కింగ్ రెండూ మిగులుతాయి.

మన లైసెన్సుతో నడపొచ్చా?

ఇండియా లైసెన్సు ఒక్కటే ఉంటే చాలదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. జపాన్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్లను గుర్తిస్తుంది, ఆ ఒప్పందంలో భారత్ కూడా ఉంది. మీ లైసెన్సు ఏ రవాణా శాఖ ఆఫీసు పరిధిలో ఉందో అక్కడే దరఖాస్తు చేసుకుంటే ఇస్తారు. ఏడాది చెల్లుతుంది. జపాన్ వచ్చాక తెప్పించుకోవడం కుదరని పని, కాబట్టి ఇంటి దగ్గరే పూర్తిచేసుకోండి. అమెరికాలో ఉంటున్నవాళ్లకు ట్రిపుల్-ఏ అనే వాహనదారుల సంఘం ఆఫీసుల్లో దొరుకుతుంది. కౌంటర్‌లో పర్మిట్, అసలు లైసెన్సు, పాస్‌పోర్టు మూడూ చూపించాలి.

రోడ్డు మీద మనవాళ్లు ముఖ్యంగా దేనికి జాగ్రత్తపడాలి?

జపాన్‌లో మనలాగే ఎడమవైపు నడపాలి. అమెరికా పాలనలో ఒకినావాలో కుడివైపు నడిపేవారు. 1978 జూలై 30 ఉదయం 6 గంటలకు దీవంతా ఒక్కసారిగా ఎడమకు మారింది. ఆ రోజును ఇక్కడ 730 అంటారు. తలుపులు అవతలి వైపు ఉండాలి కాబట్టి కొత్త బస్సులు తెప్పించారు. వాటిలో ఒకదాన్ని ఒకినావా బస్ కంపెనీ, మరోదాన్ని తోయో బస్ కంపెనీ ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తున్నాయి.

మన అలవాట్లలో ప్రమాదం తెచ్చేది ఫ్రీ లెఫ్ట్. జపాన్‌లో ఎర్ర లైటు ఉంటే ఎడమకు తిరగడానికి కూడా ఆగాల్సిందే. ఎర్రటి తలకిందుల త్రిభుజం బోర్డు కనిపిస్తే చక్రాలు పూర్తిగా ఆగాలి, నెమ్మదించి పోతే సరిపోదు. తిరిగేటప్పుడు రోడ్డు దాటుతున్న మనిషి ఉంటే ఆ మనిషిదే మొదటి హక్కు. హారన్ అవసరం దాదాపు రాదు.

వర్షం పడితే వేగం బాగా తగ్గించండి. ఇక్కడి రోడ్లలో స్థానిక సున్నపురాయి కంకర వాడారు. తడిస్తే జారుడు ఎక్కువ, అద్దె కార్ల ప్రమాదాలకు అదీ ఒక కారణం. నహాలో రద్దీ వేళల్లో బస్సులకు మాత్రమే వదిలే వరసలున్నాయి, కొన్ని రోడ్లలో మధ్య గీత కూడా వేళను బట్టి జరుగుతుంది. పైన వేలాడే బోర్డులు చదవలేనప్పుడు ఆ వేళల్లో ఊళ్లో నడపకపోవడమే క్షేమం.

ఆరేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు చట్టప్రకారం తప్పనిసరి, బుకింగ్‌లోనే అడగండి. నావిగేషన్‌లో చిరునామా టైపు చేయడం కష్టం. వెళ్లాల్సిన చోటి ఫోన్ నంబరో, మ్యాప్ కోడ్ అనే అంకెల వరసో కొడితే సరిగ్గా తీసుకెళ్తుంది.

తాగి నడిపితే డ్రైవర్‌తో పాటు, తెలిసీ పక్కన కూర్చున్నవాళ్లకూ, మందు పోసినవాళ్లకూ శిక్ష ఉంటుంది. ఒక్క గ్లాసే కదా అని అస్సలు అనుకోవద్దు. ఇక్కడ దైకో అనే సేవ ఉంది. ఇద్దరు వస్తారు, ఒకరు మీ కారు నడుపుతారు, మరొకరు వెనక తమ కారులో వస్తారు. రెస్టారెంటువాళ్లను అడిగితే పిలిపిస్తారు.

టాక్సీలు ఖరీదా?

టోక్యోతో పోలిస్తే చవక. నలుగురు కలిసి దగ్గర దూరాలకు వెళితే మోనోరైలు టికెట్లకూ దీనికీ పెద్ద తేడా ఉండదు. వెనక తలుపు డ్రైవరే మీట నొక్కి తెరుస్తారు, మూస్తారు. మీరు లాగొద్దు. టిప్పు ఇచ్చే ఆనవాయితీ లేదు. గో, దిది యాప్‌లు పనిచేస్తాయి. ఇంగ్లిష్ రాని డ్రైవరైతే హోటల్ కార్డు చూపించండి.

షురి కోటకు ఎలా వెళ్లాలి? కాలిపోయింది కదా, వెళ్లడం దండగా?

దండగ కానే కాదు. 2019 అక్టోబరు 31 తెల్లవారుజామున మంటల్లో ప్రధాన భవనం సెయిదెన్ కాలిపోయింది. నిజమే. అంతకుముందు 1945 యుద్ధంలోనూ అది నేలమట్టమైంది. 1992లో తిరిగి కట్టిందే 2019లో పోయింది. మళ్లీ కట్టడం మొదలుపెట్టి, 2026 శరదృతువుకు సెయిదెన్ పూర్తిచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఆ పని జరుగుతుండగానే దాన్ని జనానికి చూపిస్తూ వచ్చారు. పోయిన దాన్ని ఇంత ఓపికగా, ఇంత బాహాటంగా తిరిగి నిలబెట్టుకోవడం నాకైతే కోట కన్నా గొప్పగా అనిపిస్తుంది. పాత పునాదులు, రాతి గోడలు, ద్వారాలు అలాగే ఉన్నాయి. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కిన ర్యూక్యూ స్థలాల్లో ఈ కోట శిథిలాలు కూడా ఉన్నాయి. జపాన్ 2000 యెన్ నోటు మీద కనిపించే షురెయి ద్వారం ఇక్కడిదే.

షురి స్టేషన్‌లో దిగితే పావుగంట నడక. దారి ఎత్తుగా ఉంటుంది, ఎండలో నీళ్లు పట్టుకెళ్లండి.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్‌కు అదే దారిన రాకుండా, కోట వెనక నుంచి కిన్‌జో-చో రాళ్ల బాటలో కిందికి దిగండి. 16వ శతాబ్దంలో రాజధాని నుంచి దక్షిణానికి వేసిన రహదారిలో సుమారు 300 మీటర్లు యుద్ధాన్ని తట్టుకుని నిలిచాయి. పెద్ద పెద్ద సున్నపురాళ్లు, వందల ఏళ్లుగా అడుగుల కింద అరిగి నున్నగా మెరుస్తుంటాయి. రెండు పక్కలా రాతి గోడలు, వాటి మీంచి వాలిన పూల కొమ్మలు, ఎర్ర పెంకుల ఇళ్ల కప్పుల మీద కాపలా కాసే, సింహంలాంటి షీసా బొమ్మలు. పక్క సందులోకి కాస్త లోపలికి వెళితే రెండు వందల ఏళ్లు దాటాయనే అకగి చెట్లు కనిపిస్తాయి. అక్కడ స్థానికులు మొక్కుకునే చోటు కూడా ఉంది, నెమ్మదిగా మాట్లాడండి. వాన పడి ఉంటే ఈ బాట ప్రమాదకరంగా జారుతుంది, చెప్పులతో వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పై నుంచి చూసి వెనక్కి రావడం మంచిది. అక్కడి ఇళ్లలో మనుషులు కాపురముంటున్నారు, గేట్లలోంచి తొంగి ఫొటోలు తీయకండి.

కొకుసాయ్ దోరి నడిచి చూడొచ్చా?

నడిచే చూడాలి. వీధి పొడవు 1.6 కిలోమీటర్లు. ఒక చివర కెంచో-మాయె, ఇంకో చివర మకిషి స్టేషన్. ఆదివారం మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా కార్లను ఆపేసి పాదచారులకు వదిలేస్తారు.

అసలు బజారు పక్క సందుల్లో ఉంది. హెయివా దోరి అనే కప్పు ఉన్న సందులోకి తిరిగితే ఎండా వానా తగలకుండా చాలా దూరం పోవచ్చు. మకిషి ప్రజా మార్కెట్ 2023 మార్చిలో కొత్త భవనంలోకి తిరిగి వచ్చింది. కింద చేపలు కొని పై అంతస్తులో వండించుకోవచ్చు, వండినందుకు కొంత రుసుము ఉంటుంది. హెయివా దోరి అలాగే సాగి త్సుబొయా కుండల వీధి దగ్గర తేలుతుంది. షాపింగ్ కన్నా ఆ వీధిలో గంటసేపు తిరగడమే నాకు ఇష్టం.

కెరామా దీవులకు పడవ ఎక్కడ, ఎలా?

తొమారి రేవు నుంచి. తొకాషికి దీవికి వేగపు పడవలో 40 నిమిషాలలోపు, ఫెర్రీలో గంటా పది నిమిషాలు. జమామికి వేగపు పడవ గంట అటూఇటూ, ఫెర్రీ రెండు గంటలు. ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి: రేవులో రెండు ఒడ్లున్నాయి. ఫెర్రీలు దక్షిణపు ఒడ్డు నుంచి, వేగపు పడవలు ఉత్తరపు ఒడ్డు నుంచి బయల్దేరతాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి చుట్టూ తిరిగి నడవాలి. చివరి నిమిషంలో వచ్చి తప్పు ఒడ్డున నిలబడితే పడవ కళ్లముందే వెళ్లిపోతుంది.

2014లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఈ దీవుల నీలాన్ని ఫొటోల్లో చూసి నమ్మలేని వాళ్లు ఒడ్డున నిలబడి నమ్ముతారు. వేసవి వారాంతాల్లో వేగపు పడవల సీట్లు ముందే అయిపోతాయి, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. దీవిలో అడుగుపెట్టేవాళ్ల నుంచి పర్యావరణ రక్షణ కోసం 100 యెన్ పన్ను తీసుకుంటారు. అలలు ఎక్కువగా ఉంటే ముందుగా రద్దయ్యేవి వేగపు పడవలే, తర్వాత ఫెర్రీలు. అందుకే తిరుగు విమానం ఉన్న రోజున గానీ, దాని ముందు రోజున గానీ దీవులకు పోవద్దు. వచ్చిన మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, రద్దయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

ఊళ్లోనే సముద్రంలో కాళ్లు తడుపుకుంటే చాలనుకుంటే నమినొఉయె బీచ్ ఉంది. చిన్నది, ముందు నుంచే రోడ్డు వంతెన పోతుంది, కానీ ఈత కొట్టడానికి నహాలో ఉన్నది అదొక్కటే.

చురాఉమి అక్వేరియంకు కారు లేకుండా వెళ్లగలమా?

వెళ్లగలం. ఇది ఉత్తరాన మొతొబులో ఉంది. నహా విమానాశ్రయం, బస్ టెర్మినల్‌ల నుంచి 117వ నంబరు బస్సు, యన్‌బారు ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉన్నాయి. రెండు నుంచి మూడు గంటలు పడుతుంది. పెద్ద కురొషియో తొట్టిలో 7,500 ఘనపు మీటర్ల నీళ్లు, అందులో తిమింగల సొరచేప. పిల్లలు దాని ముందు నుంచి కదలరు. పొద్దున్నే మొదటి బస్సుల్లో బయల్దేరి, తిరుగు బస్సు వేళ దిగగానే ఫొటో తీసుకోండి. అదొక్కటే చూడాలంటే బస్సు సరిపోతుంది, దారిలో ఇంకో రెండు చోట్లు కలపాలంటే కారు నయం.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం. మెట్లు ఎక్కువా?

యుయ్ రైల్ స్టేషన్లన్నిటిలో లిఫ్టులున్నాయి. మెట్లున్నది షురి కోట దగ్గర. అక్కడ వీల్‌చైర్ అడిగితే ఇస్తారు, వాటి కోసం వేరే దారి కూడా ఉంది. కోట దాకా టాక్సీలో వెళ్లి, దిగువకు నెమ్మదిగా నడిపించుకు రావచ్చు. వేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య బయట తిప్పకండి, ఇక్కడి ఎండలో చురుకు ఎక్కువ, తేమ దానికి తోడు. శాకాహారులైతే ముందే ఏర్పాటు చూసుకోవాలి. కాకరకాయతో చేసే గోయా చాంపురూ చూడ్డానికి మన వంటలా ఉన్నా అందులో సాధారణంగా పంది మాంసం పడుతుంది, సోబా నూడుల్స్ పులుసు కూడా పంది ఎముకలూ చేపలతోనే. ఒమొరొమాచి, అసాతొ దగ్గరి సూపర్ మార్కెట్లలో అన్నం, టోఫు, పెరుగు, పళ్లు దొరుకుతాయి. వెంట ఒక పచ్చడి సీసా ఉంటే దిగులుండదు.

తుఫాను వస్తే ఏం చేయాలి?

జూలై నుంచి అక్టోబరు దాకా తుఫాన్ల కాలం. గాలి ఒక హద్దు దాటగానే మోనోరైలు ఆపేస్తారు, బస్సులు, పడవలు, విమానాలు కూడా. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, హోటల్ గది దాటకుండా ఉండటం. ముందు రోజే నీళ్లు, తినుబండారాలు కొనుక్కోండి, సాయంత్రానికి కొట్లలో అరలు ఖాళీ అవుతాయి. హోటల్‌లో ఒక రాత్రి పొడిగించడం కుదురుతుందా అని వార్త వినగానే అడగండి. వానాకాలం మే మొదటి భాగం నుంచి జూన్ చివరి దాకా. అప్పుడు రోజంతా కురవకపోయినా గొడుగు లేకుండా బయటికి రావద్దు.

అక్టోబరులో వెళ్తే ఒక పండుగ కూడా తగలొచ్చు. నహా మహా తాడులాగుడు పోటీకి 58వ రహదారిని మూసేసి, 200 మీటర్ల పొడవు, 40 టన్నుల బరువున్న తాడును వేలమంది లాగుతారు. పర్యాటకులూ పట్టుకోవచ్చు. ఆ రోజు బస్సులు దారి మళ్లుతాయి, మోనోరైలు మీదే ఆధారపడండి.

విమానం రోజున ఎంత ముందు బయల్దేరాలి?

మోనోరైలులో అయితే ఊళ్లో ఏ స్టేషన్ నుంచైనా ఎంతసేపు పడుతుందో కచ్చితంగా చెప్పొచ్చు. షురి నుంచి 27 నిమిషాలు. టాక్సీకి, బస్సుకు ఆ భరోసా లేదు, సాయంత్రం వేళ మరీను. అంతర్జాతీయ విమానమైతే స్టేషన్ నుంచి ఆ టెర్మినల్‌కు నడిచే సమయం ఇంకో ఐదారు నిమిషాలు కలుపుకోండి. అద్దె కారు తిరిగి ఇచ్చేవాళ్లు ట్యాంకు నింపి, బంకు రసీదు దాచి, షటిల్ వ్యాను కోసం కనీసం ఒక గంట అదనంగా పెట్టుకోవాలి. సుయికాలో మిగిలిన డబ్బు టోక్యోలో పనికొస్తుంది. ఒకికాలో ఉన్నది మాత్రం ఇక్కడే వాడేయండి, లేదా స్టేషన్ కౌంటర్‌లో కార్డు తిరిగిచ్చి డబ్బు తీసుకోండి.